విడిపోయిన శరణార్థి కుటుంబాన్ని కలిపి కొత్త దేశంలో స్థిరపరచడం: మన జిల్లాల నుంచి చేయాల్సిన పని, వరుస ప్రకారం

కర్నూలు, అనంతపురం, కడపల నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. చదువుకోడానికో వైద్యానికో వచ్చిన విదేశీ కుటుంబం ఉంటుంది. సొంత దేశంలో యుద్ధమో, ప్రభుత్వం మారడమో జరిగి వాళ్లు వెనక్కి పోలేని స్థితి వస్తుంది. భర్త ఎలాగో కెనడాకో జర్మనీకో చేరి ఆశ్రయం పొందాడు. భార్య, పిల్లలు ఇక్కడే అద్దె ఇంట్లో చిక్కుకున్నారు. ఇంటి ఓనరు, కాలేజీ స్నేహితుడు, మసీదు కమిటీ, చర్చి పెద్ద, ఇలా ఎవరో ఒకరు పూనుకుంటారు.

పూనుకున్నవాళ్లు మన వైపు మొట్టమొదట చేసే పని, కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు దగ్గరికి పోవడం. అక్కడే దారి తప్పుతుంది. గల్ఫ్ లెక్క వేరు: వీసా కాపీ వస్తుంది, మెడికల్ చేయిస్తాం, టికెట్టు తీస్తాం, అయిపోతుంది. శరణార్థి ఫైలులో డబ్బుతో కదిలేది దాదాపు ఏమీ లేదు. తేదీలు, పేర్లు, మొదటి రోజు చెప్పిన కుటుంబ వివరాలు, ఈ మూడింటి మీదే అది నిలబడుతుంది.

1. ఏ దారిలో పోతున్నారో ముందు తేల్చుకోండి

దారులు మూడు. ఒకదాని కాగితాలు ఇంకోదానికి చెల్లవు.

మొదటిది కుటుంబ పునరేకీకరణ. కుటుంబంలో ఒకరు ఇప్పటికే వేరే దేశంలో శరణార్థిగా గుర్తింపు పొంది ఉండాలి. దరఖాస్తు ఆ దేశంలో ఉన్న మనిషి వైపు నుంచి మొదలవుతుంది. మనం ఇక్కడి సగం పని చేస్తాం. మూడింటిలో గట్టి దారి ఇదే.

రెండోది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, మూడో దేశానికి పంపడం. దీనికి దరఖాస్తు ఫారం అంటూ ఉండదు. ప్రమాదంలో ఉన్నవాళ్లను, ఒంటరి తల్లులను, జబ్బు మనుషులను చూసి సంస్థే ఎంపిక చేస్తుంది. సీట్లు చాలా తక్కువ. ‘పేరు ఎక్కిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఈ సంస్థ సేవలన్నీ ఉచితం.

మూడోది ప్రైవేటు స్పాన్సర్‌షిప్, అంటే అక్కడుండేవాళ్లు ఖర్చు, బాధ్యత తామే తీసుకుని శరణార్థుల్ని పిలుచుకోవడం. కెనడాలో ఉన్న దారి ఇది. అయితే అయిదుగురు కలిసి చేసే పద్ధతిలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2024 నవంబర్ 29 నుంచి నిలిపేశారు. ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న సంస్థల ద్వారా మాత్రం కోటా మేరకు నడుస్తోంది. టొరంటోలో ఉన్న మీ బంధువులు ‘మేం అయిదుగురం కలిసి సంతకం పెడతాం’ అంటే, ముందు ఆ సంగతి కనుక్కోమనండి.

ఇక భారత్ విషయం. 1951 శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శ్రీలంక తమిళుల్ని, టిబెటన్లను ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. అఫ్గానిస్థాన్, మయన్మార్, సోమాలియా వంటి దేశాల వాళ్లను ఢిల్లీలోని యూఎన్‌హెచ్‌సీఆర్ నమోదు చేస్తుంది. చెన్నైలో ఉన్న వాళ్ల ఆఫీసు ప్రధానంగా శ్రీలంక తమిళుల పని చూస్తుంది. కడపకు దగ్గర కదా అని అఫ్గాన్ కుటుంబాన్ని రైలెక్కించి అక్కడికి తీసుకుపోతే రానూపోనూ ఖర్చే మిగులుతుంది. ఢిల్లీ ఆఫీసుకు ముందుగా రాసి, తేదీ ఇచ్చాకే బయల్దేరండి.

2. గడువు తేదీని గోడ మీద రాసుకోండి

చాలా ఫైళ్లు నిజం లేక చావవు, గడువు దాటి చస్తాయి. అవతలి మనిషికి గుర్తింపు వచ్చిన తేదీ ఏదో ఈరోజే కనుక్కోండి. ఆ ఉత్తరం ఫొటో తెప్పించుకుని లెక్క వేయండి.

- కెనడా: శరణార్థిగా అక్కడ దిగి శాశ్వత నివాసం పొందిన మనిషి, విడిపోయిన భార్య లేదా భర్త, పిల్లల కోసం ఒక ఏడాదిలోపు అడగాలి. పిల్లలు 22 ఏళ్లలోపు, పెళ్లికానివాళ్లు అయి ఉండాలి.
- అమెరికా: ఐ-730 ఫారం, రెండేళ్లలోపు. పిల్లలు 21 ఏళ్లలోపు, పెళ్లికానివాళ్లు. ఫారానికి ఫీజు లేదు. 2025 జనవరి నుంచి అక్కడికి శరణార్థుల రాక చాలా మటుకు ఆగింది. అయినా గడువు గడియారం ఆగదు, ఫారం వేసి ఉంచాలి.
- జర్మనీ: పూర్తి శరణార్థి హోదా ఉన్నవాళ్లు గుర్తింపు ఖాయమైన మూడు నెలల్లోపు ‘కుటుంబాన్ని పిలుచుకుంటాను’ అని నమోదు చేస్తే ఆదాయం, ఇల్లు చూపించాల్సిన షరతు తప్పుతుంది. రెండో రకం రక్షణ, అంటే సబ్సిడియరీ ప్రొటెక్షన్ వచ్చినవాళ్లకు 2025 జులై 24 నుంచి రెండేళ్ల పాటు ఈ దారి మూశారు.
- ఆస్ట్రేలియా: ప్రతిపాదించే మనిషికి వీసా వచ్చిన అయిదేళ్లలోపు. ప్రతిపాదన 681 ఫారంలో, కుటుంబం వేసే దరఖాస్తు 842 ఫారంలో.
- బ్రిటన్: శరణార్థుల కుటుంబ పునరేకీకరణకు కొత్త దరఖాస్తుల్ని 2025 సెప్టెంబర్ 4న ఆపేశారు.

ఈ నియమాలు మారుతూనే ఉంటాయి. ఫారం నింపే రోజు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూడండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మొద్దు.

జర్మనీ మూడు నెలల నమోదుకు కాగితాలన్నీ సిద్ధం కానక్కర్లేదు. గడువులోపు నమోదు చేసి, ఆ రసీదు దాచుకుంటే చాలు. ‘నికాహ్‌నామా తర్జుమా రానీ’ అని ఆగి గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

3. కుటుంబ పట్టిక: పని మొత్తంలో ముఖ్యమైనది

నాలుగు గంటలు తీరిక చేసుకుని, తలుపు వేసుకుని, కుటుంబంతో కూర్చోండి. తెల్లకాగితం మీద ప్రతి మనిషి పేరూ రాయండి. ఇక్కడున్నవాళ్లు, తప్పిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు, మొదటి పెళ్లి పిల్లలు, కడుపులో ఉన్న బిడ్డ, ఎవరినీ వదలొద్దు.

ఎందుకంటే, అవతలి మనిషి ఆశ్రయం అడిగిన మొదటి రోజు చెప్పిన కుటుంబమే చివరిదాకా కుటుంబం. కెనడాలో అయితే దిగేముందు చెప్పని భార్యనో బిడ్డనో తర్వాత పిలుచుకోవడం చాలా కష్టం. ఆస్ట్రేలియా కూడా వీసా ఇచ్చేముందే ఆ బంధం చెప్పారా అని చూస్తుంది. ‘భార్య ఉందంటే ఆలస్యమవుతుంది, ఒంటరినని చెప్పు’ అని ఎవరో దారిలో చెప్పిన సలహా విని, తర్వాత ఏళ్ల తరబడి బాధపడేవాళ్లు ఉంటారు.

కాబట్టి అవతలి మనిషిని మొదట అడగాల్సింది ఒకటే: నువ్వు మొదటి ఫారంలో ఎవరెవరి పేర్లు, ఏ తేదీలతో రాశావు? దాని కాపీ పంపు. కాపీ తన దగ్గర లేకపోతే అక్కడి లాయరు ద్వారా ఫైలు తెప్పించాలి. ఆ కాపీ చేతికి రాకముందే ఇక్కడ కొత్త ఫారం నింపితే రెండు కథలు తయారవుతాయి.

పట్టికలో ఒక్కొక్కరికీ ఉండాల్సినవి:

- పూర్తి పేరు, తండ్రి పేరు, తాత పేరు
- పుట్టిన తేదీ, ఆ తేదీకి ఆధారం ఏ కాగితం
- ఇప్పుడెక్కడ, ఎవరి దగ్గర
- పెళ్లైందా, ఎప్పుడు, ఎక్కడ
- అవతలి ఫారంలో ఈ పేరు ఉందా, లేదా

మొదటి ఫారంలో పేరు లేదని తేలితే దాచొద్దు. ఎందుకు చెప్పలేదో నిజమైన కారణం రాసి సంతకం చేసిన వివరణ జత చేయాలి. ఆ బిడ్డ బతికి ఉన్నట్టు అప్పటికి తెలియకపోవచ్చు, మధ్యవర్తి బెదిరించి ఉండవచ్చు. ఈ వివరణను శరణార్థి కేసులు తెలిసిన లాయరు చూడాలి. మన కోర్టు దగ్గర అఫిడవిట్లు టైపు చేసే మనిషితో అయ్యే పని కాదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘అన్నా, మా చెల్లెలు చనిపోయింది. ఆమె కూతుర్ని మా బిడ్డే అని రాస్తే పోలేదా?’ పోదు. డీఎన్‌ఏ పరీక్షలో అది బయటపడితే ఆ పిల్లతో పాటు మొత్తం కుటుంబం ఫైలు కూలుతుంది. ఉన్నది ఉన్నట్టు ‘పెంచుతున్న చెల్లెలి కూతురు’ అని రాసి, సంరక్షకత్వ కాగితం జత చేయాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో గార్డియన్ ఉత్తర్వు అడగొచ్చు. మహిళలకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

తప్పిపోయిన మనిషి జాడ కోసం రెడ్‌క్రాస్‌కు ‘కుటుంబ బంధాల పునరుద్ధరణ’ అనే పని ఉంది. జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో అడిగితే అభ్యర్థన ఢిల్లీకి పంపుతారు. మనిషి దొరికినా, అతను ఒప్పుకుంటేనే చిరునామా చెబుతారు. ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టి వెతకొద్దు. వాళ్లు ఎవరి నుంచి పారిపోయారో వాళ్లూ ఆ ఫొటో చూస్తారు.

ఎదురుచూపు ఏళ్లు సాగుతుంది. ఆలోపు పద్దెనిమిది నిండిన కూతురికి ‘మంచి సంబంధం వచ్చింది’ అని పెళ్లి చేసేస్తారు. పెళ్లైన రోజు నుంచి ఆ అమ్మాయి ‘ఆధారపడిన బిడ్డ’ లెక్కలోంచి పోతుంది. ఈ మాట పట్టిక రాసే రోజే తల్లికి స్పష్టంగా చెప్పండి.

4. పేర్లు, తేదీలు: ఒక్క అక్షరం కూడా

మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. సోమాలీలకు ఇంటిపేరే ఉండదు: తన పేరు, తండ్రి పేరు, తాత పేరు. బర్మా వాళ్లలో చాలామందికీ ఇంటిపేరు లేదు. మన ఆసుపత్రిలోనో బడిలోనో గుమాస్తా తనకు తోచినట్టు ఒక ముక్కను ఇంటిపేరు చేసేస్తాడు. అలా తల్లికి ఒక ఇంటిపేరు, బిడ్డకు ఇంకోటి వస్తుంది.

మొహమ్మద్ అనే పేరునే నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తారు. పాస్‌పోర్టులో ఏది ఉందో అదే చివరిదాకా వాడండి. పాస్‌పోర్టు లేకపోతే యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డులో ఉన్నది. తేడా ఉన్న కాగితాన్ని దిద్దొద్దు. ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని నోటరీ అఫిడవిట్ చేయించి దానికి పిన్ను చేయండి.

తేదీల దగ్గర మన ఉర్దూ పెద్దలు మంచి మనసుతోనే తప్పు చేస్తారు. అఫ్గాన్ పాత గుర్తింపు కాగితాల మీద ఉండేది సౌరమాన హిజ్రీ సంవత్సరం. మన మసీదు క్యాలెండర్‌లోది చాంద్రమానం. సౌరమానం 1370 అంటే 1991 మార్చి 21 నుంచి 1992 మార్చి 20 వరకు. దాన్నే చాంద్రమానం అనుకుని ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో వేస్తే 1950 వస్తుంది! లెక్క సులువు: సౌరమాన సంవత్సరానికి 621 కలపాలి, ఏడాది చివరి రెండున్నర నెలలకైతే 622. కొత్త కాగితాల్లో చాంద్రమానం కూడా కనబడుతోంది కాబట్టి నెల పేరు చూసి నిర్ణయించండి. హమల్, సౌర్, జౌజా అని ఉంటే సౌరమానం. ముహర్రం, సఫర్ అని ఉంటే చాంద్రమానం.

కొన్నిట్లో పుట్టిన తేదీ ఉండదు, ‘1384లో 12 ఏళ్లు’ అని ఉంటుంది. 1384లోంచి 12 తీసేస్తే 1372, అంటే 1993-94. ఇలాంటివాళ్లందరికీ ఏదో ఒక ఆఫీసు జనవరి 1 అని రాసేస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. అన్నకు జనవరి 1 అని రాసి, తమ్ముడికి అదే ఏడాది జూన్‌లో అసలు తేదీ ఉంటే, ఒకే తల్లికి అయిదు నెలల తేడాతో ఇద్దరు పిల్లలు పుట్టినట్టవుతుంది. ఇంటర్వ్యూలో పట్టుకునేది అదే. పిల్లల తేదీలన్నీ వరుసగా రాసి, తొమ్మిది నెలల కన్నా తక్కువ తేడా ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే వివరణ ఇప్పుడే రాసి పెట్టండి.

5. కాగితాలు

ఇక్కడ పుట్టిన బిడ్డ సంగతి ముందు. కర్నూలు పెద్దాసుపత్రిలో పుట్టినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పుట్టినా, 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం. 30 రోజుల వరకు ఆలస్య రుసుము, ఏడాది వరకు అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తల్లిదండ్రులు విదేశీయులని నమోదు నిరాకరించే వీల్లేదు. పేరు పెట్టకుండా నమోదు చేసి ఉంటే, పేరు తప్పక చేర్పించండి. పేరు లేని జనన పత్రంతో ఏ ఎంబసీలోనూ పని కాదు.

ఈ పత్రం బిడ్డ ఎవరికి పుట్టిందో చెబుతుంది తప్ప భారత పౌరసత్వం ఇవ్వదు. చాలామంది ఇంటి ఓనర్లు ఇది గ్రహించక ‘ఇక్కడే పుట్టాడు కదా, ఇండియన్ పాస్‌పోర్టు తీద్దాం’ అంటారు.

తర్జుమా దగ్గర కూడా జాగ్రత్త. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, ఉర్దూ వచ్చినవాళ్లకు మన జిల్లాల్లో కొదవే లేదు. కానీ అఫ్గాన్ల దరీ భాష ఉర్దూ కాదు. లిపి దగ్గరగా ఉంటుంది, నూటికి నలభై మాటలు తెలిసినట్టే ఉంటాయి, మిగతా అరవై ఊహించి రాస్తారు. మదరసాలో అరబిక్ చదివిన హజ్రత్ ఖురాన్ చదవగలరు. సూడాన్ కోర్టు విడాకుల పత్రం వేరే సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అరబిక్, పర్షియన్ విభాగాలున్నాయి, అక్కడ అడిగి అర్హులను వెతుక్కోండి. తర్జుమా చేసినవాళ్ల పేరు, అర్హత, సంతకం, ‘ఇది సరైన తర్జుమా’ అన్న వాక్యం ప్రతి పేజీకీ ఉండాలి.

పెళ్లి పత్రం లేదనుకోండి. ఊరు కాలిపోయిన చోట అడిగినా దొరకదు. అప్పుడు ఒకదానికొకటి తోడు నిలిచేవి పోగుచేయాలి: పెళ్లినాటి ఫొటోలు, పెళ్లికి ఉన్న ఇద్దరు సాక్షుల ప్రమాణ పత్రాలు, పిల్లల జనన పత్రాల్లో ఇద్దరి పేర్లు, విడిపోయాక నెలనెలా పంపిన డబ్బు రసీదులు, ఫోన్ కాల్ జాబితా. వేల వాట్సాప్ మెసేజీలు ప్రింటు తీయకండి. నెలకు ఒక పేజీ చాలు.

ఫైలు ఇలా కట్టండి:

- అసలు కాగితాలు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, ల్యామినేషన్ వద్దు. ల్యామినేట్ చేస్తే వెనక ముద్ర, నీటిగుర్తు పరీక్షించలేరు
- జిరాక్స్ నాలుగు సెట్లు: ఎంబసీకి, పోలీసుకు, మీ దగ్గర, అవతలి మనిషికి
- ప్రతి కాగితం స్కాన్, ఫైలు పేరులో మనిషి పేరు, కాగితం పేరు
- ఫొటోలు: ఒకే కొలత అన్ని దేశాలకూ పనికిరాదు. కెనడా శాశ్వత నివాసానికి 50×70 మిల్లీమీటర్లు, అమెరికాకు 2×2 అంగుళాలు, జర్మనీ, ఆస్ట్రేలియాలకు 35×45. స్టూడియోకు ముందే చెప్పండి

6. మన జిల్లాలో చట్టం పని

జిల్లాల్లో విదేశీయుల నమోదు అధికారి, అంటే ఎఫ్ఆర్ఓ, జిల్లా ఎస్పీ. పుట్టపర్తికి విదేశీయులు వస్తుంటారు కాబట్టి ఈ పని అనంతపురం వైపు పోలీసులకు కొత్త కాదు. మిగతా చోట్ల ఆ సెక్షన్ ఎక్కడుందో అడిగి తెలుసుకుని, ఆధారాలతో, మర్యాదగా పోవాలి. దరఖాస్తులన్నీ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా.

విదేశీయులకు ఇల్లు ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఆ సంగతి నమోదు చేయాలి. దీన్నే సి-ఫారం అంటుంటారు. ఓనరు ఇది చేయకపోతే, రేపు దేశం విడిచే అనుమతి అడిగినప్పుడు ‘ఇంతకాలం ఎక్కడున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబుండదు. ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా తెలపాలి.

2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లో ఉంది. దొంగ పత్రాలు వాడితే రెండు నుంచి ఏడేళ్ల జైలు. ‘పాపం, పిల్లల బడికోసం’ అని తెలిసినవాళ్ల ద్వారా స్థానికులుగా చూపించి ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు తీయించడం ఇందులోకే వస్తుంది. సాయం చేసినవాళ్లూ ఇరుక్కుంటారు. అంతకుమించి, ఎంబసీ ఆ ఆధార్‌ను చూసి ‘మీకు భారతీయులుగా గుర్తింపు ఉందిగా, శరణార్థులెలా అయ్యారు?’ అంటుంది. ఇప్పటికే అలాంటిది ఉంటే దాచకుండా లాయరుతో మాట్లాడాకే అడుగు వేయండి.

7. దరఖాస్తు నుంచి ఇంటర్వ్యూ దాకా

ఫారంలో ఖాళీ వదలొద్దు. వర్తించకపోతే ‘వర్తించదు’ అని రాయాలి. చిరునామాల చరిత్రలో నెలకు నెల అతకాలి. మధ్యలో రెండు నెలలు ఖాళీగా వదిలినందుకే వెనక్కి వచ్చే ఫైళ్లుంటాయి. ఈమెయిల్ కుటుంబం పేరున తెరవండి, మీ పేరున కాదు. పాస్‌వర్డు తల్లి దగ్గర ఉండాలి. మీరు వారానికి రెండుసార్లు, స్పామ్‌తో సహా, ఆమె ఎదుటే చూడండి.

వేలిముద్రలకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోవాల్సి ఉంటుంది. కెనడాకు 14 నుంచి 79 ఏళ్ల లోపు వాళ్లందరూ ఇవ్వాలి. కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు, కడప వాళ్లకు చెన్నై దగ్గర. అన్నీ బస్సులో నాలుగు నుంచి ఆరు గంటల దూరం. చిన్నపిల్లలతో ముందురాత్రే చేరుకోవడం మేలు. బస చేసే లాడ్జి విదేశీయులను తీసుకుంటుందో లేదో ముందే ఫోన్ చేయండి. రాత్రి పదింటికి రిసెప్షన్ దగ్గర తెలుసుకోవడం నరకం. గోరింటాకు, సిమెంటు పని లాంటివి వేలిముద్రలు అరిగేలా, మసకబారేలా చేస్తాయి. వారం ముందు నుంచి చేతులు కాపాడుకోమనండి.

ఇంటర్వ్యూకు బట్టీ పట్టించొద్దు. కానీ ఏ ఏడాది ఏం జరిగిందో కాగితం మీద వరుసగా రాసి తల్లి చేత రెండుసార్లు చెప్పించండి. పదేళ్ల కొడుకును దుబాసీగా కూర్చోబెట్టొద్దు. తండ్రి మీద జరిగిన హింసను బిడ్డ నోట చెప్పించడం అన్యాయం, తల్లి కూడా సగం దాచేస్తుంది. తేదీ గుర్తులేకపోతే ‘గుర్తులేదు, ఆ ఏడాది చలికాలం’ అనడం సరైన జవాబు. ఊహించి చెప్పిన కచ్చితమైన తేదీయే దెబ్బకొడుతుంది.

డీఎన్‌ఏ పరీక్ష ఎంబసీ అడిగితేనే. ముందుగా సొంతంగా చేయించినది చెల్లదు, ఎందుకంటే సాంపిల్ ఎవరి ముందు, ఎలా తీశారో వాళ్లకు రుజువు ఉండాలి. అడిగినప్పుడు తల్లిని ఒంటరిగా పక్కకు పిలిచి, ‘ఏ బిడ్డ విషయంలోనైనా ముందే చెప్పాల్సింది ఉందా?’ అని ఒక మహిళ చేత అడిగించండి.

8. వైద్య పరీక్ష

ఆ దేశం ఆమోదించిన ప్యానెల్ డాక్టరు దగ్గరే చేయాలి. పిలుపు రాకముందు పోవద్దు. ఫలితం కెనడాకు 12 నెలలు చెల్లుతుంది, అమెరికాకు 3 నుంచి 6 నెలలే. తొందరపడి చేయిస్తే మళ్లీ ఖర్చు.

క్షయ తేలితే ఫైలు పోయినట్టు కాదు, ఆగినట్టు. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. దగ్గు, బరువు తగ్గడం ఉన్నవాళ్లను ఇప్పుడే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చూపిస్తే ఆ ఆరు నెలలు ఎదురుచూపులోనే కలిసిపోతాయి. పిల్లల టీకా కార్డులు జాగ్రత్త. పోతే అంగన్‌వాడీ, ఏఎన్ఎమ్ రిజిస్టర్లో చూసి మళ్లీ రాయించుకోండి.

9. ఎగ్జిట్ పర్మిట్, ప్రయాణం

వీసా చేతికొచ్చాక అందరూ మిఠాయిలు పంచుతారు. పని ఇంకా అవలేదు. భారత వీసా గడువు దాటినవాళ్లు దేశం విడిచి పోవాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. అది లేకుండా ఎయిర్‌పోర్టుకు పోతే ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆపేస్తారు.

వరుస ఇది:

1. వెళ్లే దేశపు వీసా లేదా ప్రయాణ పత్రం
2. ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో దరఖాస్తు: యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు, ఇంటి ఆధారం, ఫొటోలు, వీసా కాపీ, ఇంతకాలం ఎందుకు ఉండాల్సి వచ్చిందో ఒక పేజీ ఉత్తరం
3. పోలీసు విచారణ. ఓనరు, ఇరుగుపొరుగు ఇంటి దగ్గర ఉండాలి
4. గడువు మీరిన కాలానికి జరిమానా వేస్తే కట్టడం, రసీదు
5. పర్మిట్ వచ్చాకే టికెట్టు

టికెట్టు ముందే తీసి ‘చూడండి సార్, ఫ్లైట్ ఉంది’ అని ఒత్తిడి పెడితే పని త్వరగా అవుతుందనుకోవద్దు. ఇది నెలలు పట్టవచ్చు. అందుకే వైద్య పరీక్ష గడువు, వీసా గడువు పక్కపక్కన రాసుకుని, అవి దగ్గరపడేలోపే ఎంబసీకి ఆలస్యం సంగతి రాతపూర్వకంగా చెప్పాలి.

పాస్‌పోర్టు లేనివాళ్లకు, తీసుకునే దేశం ఒప్పుకుంటే, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఒకవైపు ప్రయాణానికి పత్రం ఉచితంగా ఇస్తుంది. ప్రయాణ ఏర్పాట్లు చాలా కేసుల్లో ఐఓఎమ్ అనే అంతర్జాతీయ వలసల సంస్థ చూస్తుంది. వాళ్లిచ్చే సంచిలో కాగితాలుంటాయి. అది చేతిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామాన్లలో పడితే దిగాక ఏ మాటకూ ఆధారం ఉండదు.

సామాన్లలో: మూడు నెలల మందులు, డాక్టరు చీటీతో. తినే వస్తువులు ఏం ఉన్నా దిగేచోట కస్టమ్స్‌కు చెప్పాలి; మాంసం, పాల వస్తువులు వద్దు. మన మిక్సీ, రైస్ కుక్కర్ కట్టివ్వకండి. ఇక్కడ 230 వోల్టులు, కెనడా, అమెరికాల్లో 120, అక్కడ తిరగవు.

10. దిగాక మొదటి నెల

అక్కడ మన జిల్లాల పిల్లలు స్పాన్సర్లుగానో, ఊరికే తెలిసినవాళ్లుగానో ఉంటే, వాళ్లకు ఈ మాటలు పంపండి.

ఎయిర్‌పోర్టుకు ఇద్దరు చాలు, పూలదండలు, కెమెరాలు వద్దు. మొదటి మూడు రోజులు పెద్దగా ఏ పనీ పెట్టొద్దు. వండిపెట్టిన విందుకన్నా బియ్యం, పిండి, నూనె, ఉల్లిగడ్డలు, తమ పద్ధతిలో వండుకునే పొయ్యి ఎక్కువ ఊరటనిస్తాయి. మాంసం హలాలేనా అని అడిగి కొనండి.

మొదటి వారం, కెనడా అయితే: సామాజిక బీమా సంఖ్య, బ్యాంకు ఖాతా, ఆరోగ్య కార్డు దరఖాస్తు, ఫోన్. రెండో వారం: పిల్లల బడి, పిల్లల భత్యం దరఖాస్తు. ఆ తర్వాత: ఇంగ్లీషు పరీక్ష, ఉచిత భాషా తరగతి. బస్సు ఎక్కడం మూడుసార్లు తోడుగా పోయి నేర్పండి, నాలుగోసారి వాళ్లే పోనీ. చలికోటు కొలత చూసి కొనాలి. దానంగా వచ్చిన పొట్టి కోట్లతో పిల్లలు బడిలో నవ్వులపాలవుతారు.

స్పాన్సర్లు చేయకూడనివి మూడు: ఖర్చు తిరిగి ఇవ్వమని అడగడం, కార్డులు ‘భద్రంగా’ తమ దగ్గర పెట్టుకోవడం, మొగుడూపెళ్లాల మధ్య తీర్పు చెప్పడం. నాలుగేళ్లు విడిగా ఉన్నవాళ్లు ఒకే గదిలో సర్దుకోవడం కష్టమే. తండ్రిని ఫోన్‌లోనే చూసిన బిడ్డ దగ్గరికి రాకపోతే బలవంతంగా ఒళ్లో కూర్చోబెట్టొద్దు.

11. ఇక్కడ మిగిలిన పనులు

- ఎఫ్ఆర్ఓకు, ఓనరుకు ఇల్లు ఖాళీ చేసిన తేదీ రాతలో ఇవ్వండి
- బడి నుంచి టీసీ, మార్కుల జాబితా సంతకాలతో తెప్పించి స్కాన్ పంపండి, అడ్మిషన్‌కు అడుగుతారు
- అవ్వనో, పెళ్లైన కూతుర్నో ఇక్కడే వదిలిపోయి ఉంటే, వాళ్ల పేర్లు కొత్త ఫైలులో ఉన్నాయో లేదో దిగిన మొదటి నెలలోనే అవతలివాళ్ల చేత చూపించండి
- నాలుగు సెట్లలో మీ దగ్గరున్న సెట్టును రెండేళ్లు దాచండి
- ఈమెయిల్, బ్యాంకు ఓటీపీలు ఇంకా ఇక్కడి సిమ్‌కే వస్తుంటాయి. నంబరు మార్పు అన్నిచోట్లా పూర్తయ్యేదాకా, కనీసం ఆరు నెలలు, ఆ సిమ్‌కు రీఛార్జి ఆపొద్దు